మాఫీతో మొదలైన జవాబు

ఉప్పల్‌కు మెట్రో వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నాచారంలోని ఒక మసాలా పొడుల ఫ్యాక్టరీలో పర్సనెల్ మేనేజర్‌గా చేరాను. కార్మికుల హాజరు, సెలవులు, క్రమశిక్షణ నా పని. సరుకు విదేశాలకు పోతుంది కాబట్టి కాగితాలన్నీ ఇంగ్లిషులోనే ఉండాలని యాజమాన్యం పట్టు. దాంతో శనివారాలు షిఫ్టు దిగాక క్యాంటీన్లో ఇంగ్లిషు క్లాసు చెప్పే పని కూడా నాకే తగిలించారు.

నా ఇంగ్లిషు మీద నాకు కాస్త ఎక్కువే నమ్మకం. సెలవు చీటీకి, పర్మిషన్‌కి, మెమో జవాబుకి నమూనాలు రాసి జిరాక్సులు పంచాను. మెమో జవాబు "నా పొరపాటుకు చింతిస్తున్నాను, ఈసారికి మన్నించగలరు" అని మొదలయ్యేది. పైవాళ్లకు రాసేటప్పుడు వినయం ఉండాలని నా అభిప్రాయం.

మరుసటి ఏడు ప్యాకింగ్ సెక్షన్‌లో సుజాత అనే ఆపరేటర్‌కు మెమో వెళ్లింది. చెంగిచెర్ల నుంచి వచ్చేది. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. సీలింగ్ మిషన్ వదిలి వెళ్లిందనీ, సీలు పడక ఆ పూట ప్యాకెట్లన్నీ పాడయ్యాయనీ ఆరోపణ. మెమో అంటే సంజాయిషీ నోటీసు. తప్పు చేయలేదని రాస్తే విచారణ జరపాలి, సాక్షులను పిలవాలి. ఒప్పుకుంటే అవేవీ అక్కర్లేదు, నేరుగా శిక్షే.

ఆమె జవాబు ఇంగ్లిషులో వచ్చింది. ప్రొడక్షన్ మేనేజర్ చదివి, ఒప్పుకుంది కదా, తీసేయండి అన్నాడు. ఉత్తర్వు టైపయి నా బల్ల మీదికి చేరింది. సంతకం పెట్టే ముందు జవాబు మరోసారి చూశాను. ఒక్క తప్పు లేదు. మన క్లాసు బాగానే పనిచేసిందని ముచ్చటపడ్డాను కూడా. ఆ ముచ్చట అర నిమిషం నిలవలేదు. ఆ వాక్యాలు కామాలతో సహా నావే. జరిగినదాని గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఆమెను పిలిపించి, మిషన్ ఎందుకు వదిలావని అడిగాను. హీటర్ వేడెక్కడం లేదనీ, మిషన్ ఆపాల్సిన సూపర్‌వైజర్ సీట్లో లేడనీ, అందుకే ఫిట్టర్‌కు చెప్పడానికి వెళ్లాననీ అంది. మరి పొరపాటు చేశానని ఎందుకు రాశావన్నాను.

"తప్పు నేను జెయ్యలే సార్. గని కాయితంల ముందుగాల మాఫీ అడగాలె గదా. మీరే రాసిచ్చిన్రు."

నాకు తల కొట్టేసినట్టయింది. మెయింటెనెన్స్ రిజిస్టర్ తెప్పిస్తే ఆమె ఫిర్యాదు, టైము, ఫిట్టర్ సంతకం అన్నీ ఉన్నాయి. రాసిచ్చిన ఒప్పుకోలును పక్కన పెట్టడం కుదరదని ప్రొడక్షన్ మేనేజర్ వాదించాడు. "అది ఆమె ఒప్పుకోలు కాదు, నాది" అన్నాను. ఆ మాటే ఫ్యాక్టరీ మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, ఉత్తర్వు ఆపించాను. సుజాతను నా గదిలోనే కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు తెలుగులో రాయమన్నాను. పేజీన్నర రాసింది. విచారణ వారంలో ముగిసింది, ఆమె మీద తప్పేమీ తేలలేదు.

ఆ శనివారం జిరాక్సులన్నీ వెనక్కి తీసుకున్నాను. ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరికి చెప్పావు అని బోర్డు మీద రాసి, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిషులో రాయించాను. మెమోకు తెలుగులో జవాబిచ్చినా తీసుకోవాలని యాజమాన్యాన్ని ఒప్పించాను.

నేను రిటైరయ్యే నాటికి సుజాత లైన్ ఇన్‌ఛార్జి. చివరి వారం ఆమె పంపిన రిపోర్టు సొంత ఇంగ్లిషులో ఉంది. మూడు తప్పులున్నాయి. ఏ మిషన్ ఆగిందో, ఎప్పుడు ఆగిందో, ఎవరికి చెప్పిందో స్పష్టంగా ఉంది. నేను దిద్దలేదు.

ఉద్యోగంలో పనికొచ్చే ఇంగ్లిషు నేర్పేవాడు మర్యాద మాటల కంటే ముందు జరిగింది చెప్పడం నేర్పాలి. నేను ఇది తెలుసుకునే లోపు ఒక మనిషి ఉద్యోగం నా పెన్ను కిందికి వచ్చి ఆగింది.