ఎజ్రా గారు అరువడిగే దెయ్యం డిస్కు

‘మసక రేవు’ అనే చిన్న దెయ్యం సినిమాలో గోదావరి మీద కమ్ముకునే ఆ మంచు మా లంకలో ఉండే ఎజ్రా గారి చేతి పని. తడిగడ్డీ కొబ్బరి పీచూ కుండల్లో రాజేసి, చేటతో విసిరి, పదకొండు రోజులు పొగ పెట్టారు. తెర మీద మాత్రం ఆయన పేరు లేదు. అప్పట్నించీ ఆయనకో పిచ్చి పట్టుకుంది. ఆ సినిమా డిస్కు ఎవరింట్లో ఉందని తెలిస్తే అక్కడికి బస్సెక్కి వెళ్లి, “ఒక్క రోజుకి ఇవ్వండి, రేపు తెచ్చేస్తాను” అంటారు.

వేసినవి మూడు వందల డిస్కులే. అందుకని సేకరించేవాళ్లు వాటిని కళ్లకద్దుకుంటారు. ఆ మంచు ఏ దేశపు మిషనుతో తెప్పించారోనని కొట్టుకు చస్తారు.

మూడేళ్ల కిందట నా డిస్కూ పట్టుకెళ్లి మర్నాడు తెచ్చిచ్చారు.

“అన్నిసార్లు ఏం చూస్తారండీ?”

“చూడ్డమా! నాకు భయమండీ బాబూ. అయినా మా ఇంట్లో డిస్కు ఆడించే మిషనేదండీ?”

కిందటి నెల భీమవరంలో రొయ్యల చెరువుల ఆసామి శ్రీనివాసరాజు గారి దగ్గర సీలు తియ్యని డిస్కుందని తెలిసింది. ఎజ్రా గారితో నేనూ, వ్యవసాయ కూలీ తబితా వెళ్లాం.

“సీలు తీస్తే విలువ పోద్దండీ!” రాజు గారు డిస్కుని గుండెకి హత్తుకున్నారు.

“మళ్లీ అంటించి ఇచ్చేస్తానండీ.”

“ఇదేమన్నా రొయ్యల పెట్టా అండీ, ఐసేసి మూసెయ్యడానికి?”

తబితకి విసుగొచ్చింది. “ఎహె, నువ్వాగు అన్నయ్యా” అని ఎజ్రా గారిని ఆపి, కొంగు నెత్తిన కప్పుకుని, కడుపులోంచి ఒక్క ఏడుపు ఏడ్చింది. పట్టపగలు రాజు గారు సోఫా వెనక తేలారు.

“హాల్లో చూసినప్పుడు విన్న ఏడుపే! మీరేనా అండీ ఆ రేవు దెయ్యం! మరి టైటిల్స్‌లో ఉత్త ‘స్థానికులు’ అని వేశారే?”

“అదేనండీ నా ఏడుపు. నా మనవరాలే నమ్మట్లేదు. పేరు చూపించు మామ్మా అంటాది.”

ఎజ్రా గారు జేబులోంచి కాగితం తీశారు. గుండ్రటి చేతిరాతలో పద్నాలుగు పేర్లు. దెయ్యం: తబిత. పడవ లాగిన చేతులు: లోవలక్ష్మి. లేవని శవం: లాజరు... అరువు తెచ్చిన ప్రతి డిస్కు పెట్టెలోనూ ఆయన దాచింది ఇదేనట. నూట ఆరు పెట్టెల్లో! నా దాంట్లో మూడేళ్లుగా ఉంది, గొప్ప సేకర్తనని చెప్పుకు తిరిగే నేను చూసుకోనే లేదు.

రాజు గారు తానే కత్తెర తెచ్చి సీలు కోశారు. కాగితం చదివి, “మీ పేరేదండీ?” అన్నారు.

“కాగితం చాల్లేదండీ.”

అయ్యా, అమ్మా! మీ దగ్గర ఆ డిస్కుంటే సీలు కొయ్యండి. పేర్ల కాగితం మేం పంపుతాం, లోపల పెట్టుకోండి. ఈసారి వేసే డిస్కుల్లో ‘స్థానికులు’ అన్న మాట కొట్టేసి, పనిచేసిన ప్రతి మనిషి పేరూ తెర మీద వెయ్యమని సినిమా తీసినవాళ్లకి ఉత్తరం రాయండి. రాయడానికి బద్ధకంగా ఉంటే చెప్పండి, తబితని మీ ఇంటికి పంపిస్తాం.