చీకట్లో అమరిన ఎనిమిది తీగలు

ఒట్టు. మా అమ్మ మీద ఒట్టు. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో మాత్రం నవ్వొద్దు... నాకు మండుతుంది.

అప్పుడు ముత్తుకూరు దగ్గర కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ చదువుతున్నాను. మొదటి సంవత్సరం. ఆ చదువంటే నాకు పిచ్చి. నేను కలిపిన రెండు కంప్యూటర్లు మొదటిసారి ఒకదానికొకటి జవాబిచ్చిన రోజు, సంతోషంతో అన్నం కూడా సహించలేదు. కానీ ఒక్కచోట చచ్చేవాణ్ణి. కేబుల్ చేసే దగ్గర.

అందులో ఎనిమిది సన్నటి తీగలుంటాయి. రెండేసి కలిపి మెలిపెట్టిన నాలుగు జతలు. జతకో రంగు... నీలం, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్. జతలో ఒకటి నిండు రంగు, రెండోది తెలుపు మీద అదే రంగు చార. మెలికలు విప్పి, రంగుల వరుసలో పేర్చి, కనెక్టర్లో దూర్చి, టూల్‌తో గట్టిగా నొక్కాలి. ఒక కొస మా ల్యాబ్ చూసుకునే సునీత మేడం బిగించి ఇచ్చేవారు, రెండో కొస మా వంతు. ఒక్క తీగ తారుమారైనా టెస్టర్ పట్టేస్తుంది, దాని ఎనిమిది దీపాలు వరుసగా వెలగవు. నాకేమో నీలం ఒక్కటే తెలుస్తుంది. మిగతా మూడూ తడి మట్టి రంగే. పుట్టుకతోనే నా కళ్ళు అంతే.

ఎవరికీ చెప్పలేదు. చెబితే కోర్సులోంచి పంపేస్తారని భయం. తెల్లారితే ప్రాక్టికల్ పరీక్ష. అది తప్పితే ఎలాగూ ఇంటికే.

ఆ సాయంత్రం ల్యాబ్‌లో ఒక్కణ్ణే ఉన్నాను. సముద్రపు గాలికి తలుపు కొట్టుకుంటుంటే లోపల గడియ పెట్టాను. చేయడం, కోసేయడం, మళ్ళీ చేయడం. కాళ్ళ దగ్గర ముక్కలు కుప్పపడ్డాయి. చీకటి పడింది. ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

అప్పుడు... కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. కంప్యూటర్ల హోరు ఆగింది. గాలి ఒక్కటే, కిటికీ సందులోంచి... హూ... అని. ఫోన్ కోసం బల్లంతా తడుముతున్నాను.

పక్క స్టూలు కిర్రుమంది.

ఎవరో కూర్చున్నారు. సునీత మేడం అనుకున్నాను. "మేడం, ఇంకొక్కటి చేసుకొని పోతా" అన్నాను. ఒక చేయి నా చేతిలోని కేబుల్‌ను మెల్లగా తీసుకుంది. తర్వాత నా బొటనవేలినీ చూపుడువేలినీ పట్టుకుని... ఒక జత మీద పెట్టింది. రుద్దించింది. చిన్న చిన్న మెలికలు, బిగుతుగా. ఇంకో జత... మెలికలు కాస్త ఎడంగా. ఇంకోటి... మరీ వదులుగా. మళ్ళీ మొదటిది. మళ్ళీ. నా బుర్రకెక్కేదాకా వదల్లేదు. ఒక్కో జత మెలిక ఒక్కోలా ఉంటుంది! రంగు చూడక్కర్లేదు!

ఆ చేయి చల్లగా లేదు. మామూలుగా, వెచ్చగానే ఉంది. వేలి కొసలు మాత్రం గరుకు.

తర్వాత అన్నీ చప్పుళ్ళే. మెలికలు విప్పుతున్న చప్పుడు... తీగలు సాగదీసి సరిచేస్తున్న చప్పుడు... ఒకేసారి కత్తిరించిన చప్పుడు. ఎక్కడా తడబాటు లేదు. అబ్బ, ఏం పనితనం! వింటూ కూర్చున్నాను. టక్.

కేబుల్ నా అరచేతిలోకి వచ్చింది.

"ఈ చీకట్లో ఎట్లా చేసినారు మేడం?" అన్నాను.

తలుపు దబదబా బాదారు. బయటి నుంచి.

"ఏందయ్యా, గడేసుకోనుండావా? కరెంటు పోయినాక కూడా లోపలేం చేస్తుండావు?"

అది సునీత మేడం గొంతు.

పక్కకు తిరిగి చూసే ధైర్యం చాల్లేదు నాకు. గోడ పట్టుకుని వెళ్ళి గడియ తీశాను. మేడం ఫోన్ లైటు వేశారు. స్టూలు ఖాళీ. నా చేతిలోని కేబుల్ తీసుకుని టెస్టర్‌కు పెట్టారు. ఎనిమిది దీపాలూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి.

"ఎవరు చేసినారయ్యా ఇది? గీత గీసినట్టుండాయే తీగలు! నాకు కూడా ఇంత చక్కంగా రాదు."

"తెలీదు మేడం" అన్నాను. కళ్ళ సంగతీ చెప్పేశాను.

ఆమె కేబుల్‌ను మళ్ళీ నా చేతిలో పెట్టారు. "ముందే చెప్పుంటే నేనేమన్నా కొరుక్కు తింటానా? రేపు వేళ్ళతోనే చెయ్యి. దీపాలెలిగితే చాలు."

వెలిగాయి. జతల్ని వేళ్ళతో పట్టుకున్నాను, చారల్ని కళ్ళతో చూసుకున్నాను. ఈ రోజు ఈ పని చేసుకుని బతుకుతున్నానంటే ఆ రాత్రి చలవే.

భయంలో నువ్వే చేసుంటావురా అంటారు మీరు. సరే, అనుకుందాం. మెలికను బట్టి జత తెలుస్తుంది. కానీ జతలో చార తీగ ఏదో, నిండు తీగ ఏదో వేలికి తెలియదు. కళ్ళు మూసుకుని ఎన్నిసార్లు ప్రయత్నించానో. రెండూ ఒక్కలాగే ఉంటాయి. మరి ఆ చేతికి... ఎలా తెలిసింది?

ఏమో. ఇప్పటికీ కరెంటు పోతే ఒళ్ళు జలదరిస్తుంది. అయినా వెంటనే ఫోన్ లైటు వేయను. చేతులు బల్ల మీద చాపి, కాసేపు అలాగే కూర్చుంటాను. ఆ రోజు థాంక్స్ కూడా చెప్పలేదు కదా...