ఆడవాళ్ల రేవు విజయరాణి

ముసునూరు దగ్గర మా ఊళ్లో బండి కొన్నా, బోరు వేసినా ప్రార్థనకు పిలిచేది పాస్టరుగారిని కాదు, విజయరాణిని. పాస్టరుగారి ప్రార్థన పొడుగు. ఎండలో నిలబడ్డవాళ్ల కాళ్లు పీకుతాయి. ఈవిడది పొట్టి, ఘాటు. ఆవిడ కళ్లు మూసుకుని అడిగితే దేవుడు కాదనలేడని ఊరి నమ్మకం. ఆ నమ్మకమే ఆవిడ కొంప ముంచింది.

మామిడి సీజన్‌లో విజయరాణి షెడ్డులో కాయలు ఏరుతుంది. తొడిమ తెగితే చిమ్మే సొన మెడ మీదా, ముంజేతుల మీదా పడుతుంది. వెంటనే కడుక్కోకపోతే తెల్లారేసరికి చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. వేసవిలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. అందుకని షెడ్డు మూశాక ఆడవాళ్లంతా సబ్బు పట్టుకుని చెరువుకు పోతారు. ఎండల్లో కాస్త లోతు నీళ్లు మిగిలేది ఆడవాళ్ల రేవు దగ్గరే. ఆ వేళ మగవాళ్లు అటు తొంగిచూడరు. ఎవరూ చెప్పకుండానే తరాలుగా నిలిచిన కట్టుబాటు అది.

సరిగ్గా అక్కడే క్రాంతి కుమార్ చెక్కల ప్లాట్‌ఫారం కట్టి షికారు పడవ దించాడు. బయటివాడు కాదు, మా సంఘం పిల్లాడే, విజయరాణికి వేలు విడిచిన అక్క కొడుకు.

"పిన్నీ, నువ్వొచ్చి ప్రార్థన చెయ్యి, అంతే చాలు" అన్నాడు.

ఈవిడ పొంగిపోయింది. "ఈ ఒక్క పడవ పది పడవలు కావాలి ప్రభువా!" అంది. ఊరంతా ఆమెన్ అంది.

దేవుడు ఆలకించాడు. మరుసటి వేసవికి పడవలు పెరిగాయి. గదులు, మైకులు ఉన్న హౌస్‌బోటు కూడా దిగింది. హనుమాన్ జంక్షన్ వైపు నుంచి కార్లు బారులు తీరాయి. ఆడవాళ్లు నీళ్లలో దిగితే పైనుంచి ఫోన్లు లేచేవి. ఒక సాయంత్రం షెడ్డులో పనిచేసే మెర్సీ తడిబట్టలతో ఏడుస్తూ ఇంటికి పరిగెత్తింది. ఆ రాత్రే విజయరాణి రేవు కమిటీ పెట్టింది. ఇంటింటికీ తిరిగి జనాన్ని కూడగట్టింది. పడవలు అవతలి గట్టుకు పోవాలి, షెడ్డు మూసే వేళ తిరగకూడదు. వాళ్లు అడిగింది అంతే.

అర్జీ పెట్టగా పెట్టగా ఒక ఆఫీసరు గట్టు మీదికి వచ్చాడు. విజయరాణి చేతులు చాపి బొబ్బలు చూపించింది. క్రాంతి కుమార్ ఎంతో మర్యాదగా ఫోను చూపించాడు. అందులో విజయరాణి కళ్లు మూసుకుని పది పడవలు అడుగుతోంది.

"మీరే అడిగారు కదమ్మా!" అని ఆఫీసరు నవ్వాడు.

"అది ప్రార్థనండీ! మా ఒళ్లు నలుగురికీ చూపించమని అడిగానా?"

గట్టు మీద ఒక్కడూ నోరెత్తలేదు. ఎత్తుతారా? ఇంటికొకడికి పడవల్లో పని దొరికింది. నిన్న కమిటీలో చెయ్యెత్తినవాళ్లు ఇవాళ చెప్పులు చూసుకుంటున్నారు. థూ, ఏం ఊరో!

చివరికి రూల్సు పెట్టారు. పడవలు ఉన్నన్నే ఉండాలి, కొత్తవి పెంచకూడదు. ఆడవాళ్లు పొద్దున్న పూట మాత్రమే రేవులో దిగాలి.

"సాయంత్రం పడ్డ సొన పొద్దుటిదాకా ఆగుద్దా అండీ?" అని విజయరాణి అడిగేసరికి ఆఫీసరు జీపెక్కేశాడు.

ఆ సీజన్ ముగిసేసరికి ఆవిడ మెడ చుట్టూ చర్మం నల్లగా కమిలి, ఊడింది. అప్పుడే క్రాంతి కుమార్ పాత హౌస్‌బోటు తీసేసి కొత్తది తెచ్చాడు. సిగ్గులేనివాడు, మళ్లీ ఆవిడ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కోపం పెట్టుకోకు పిన్నీ. నీ ప్రార్థన నాకు కలిసొచ్చింది."

విజయరాణి కాదనలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మెడకు తువ్వాలు చుట్టుకుని రేవుకు వచ్చింది. ఊరంతా తలలు వంచి కళ్లు మూసుకుంది. ఆవిడ తువ్వాలు తీసి పక్కన పెట్టింది.

"ప్రభువా, ఈ పడవెక్కే ప్రతివాడి మెడ మీదా మామిడి సొన పడాలి. కడుక్కోడానికి నీళ్లు కళ్లెదుటే ఉండాలి, అందకూడదు. ముందు దీని ఓనరుకే పడాలి."

వింటే కదా! అలవాటు చొప్పున ఊరంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది క్రాంతి కుమారే.