మైకు బావకి ఇప్పించాను

ఈరోజు పెందుర్తిలో కొత్త లేఅవుట్ మీద అభ్యంతరాలు వినే సభ పెట్టారు. మా వీధి వెనక వాననీళ్లు పోయే గెడ్డను పూడ్చి ప్లాట్లు వేస్తారట. నేనూ పక్కింటి బావా గట్టంతా తిరిగి, గెడ్డ పూడిస్తే నీళ్లు ఎంతవరకు వస్తాయో మ్యాప్ మీద ఎర్ర గీతతో గుర్తుపెట్టాం. బావ మాట అందరూ వింటారని మైకు అతనికే ఇప్పించాను. "మాకేటీ అభ్యంతరం లేదండి" అని కూర్చున్నాడు. నేను మ్యాప్ పట్టుకుని లేస్తే, మీవాళ్లే ఒప్పుకున్నారు కదా అన్నారు అధికారి.

బయటికొచ్చాక అడిగాను. "ఏటి బావా, ఇలాగ సేసీసేవ్?"

"మన సందుకి సిమెంటు రోడ్డేత్తామన్నారు బావా. నీకూ మంచిదే కదేటి."

ఆ ఎర్ర గీత లోపల మొట్టమొదటి ఇల్లు బావదే. పెన్ను పట్టుకుని గీసిందీ అతనే. రేపు వానకు నీళ్లొస్తే సామాన్లు మొయ్యడానికి నన్నే పిలుస్తాడు. వెళ్లాలా వద్దా, మీరే చెప్పండి.