శ్యోంబువా వాకిట బోర్లించిన సొరబుర్ర చిప్పలు

శ్యోంబువా, వయస్సు సుమారు డెబ్బై ఎనిమిది, మంత్రసాని, క్యాండులా గ్రామం. ఈమెను నేను నలభై ఆరు సంవత్సరాలుగా ఎరుగుదును. నా పిల్లలందరూ ఈమె చేతుల్లోనే భూమి మీద పడ్డారు.

మా గ్రామం కిటూయి పట్టణానికి తూర్పున, లారీ దారి ఆగిపోయే చోట, ఇసుక ఏటి గట్టున ఉన్నది. ఏటిలో నీరు పారేది మూడు నెలలే. తక్కిన కాలమంతా ఇసుకలో నిలువెత్తు గొయ్యి తవ్వి, ఊరిన నీటిని తోడుకుంటాము. నిరుడు అటువంటి గొయ్యి కూలి శ్యోంబువా మనుమరాలు కవూథా కాలు విరిగింది. నాటి నుండి బోరుబావి కోసం, నేను గుమస్తాగా పనిచేసే జిల్లా కార్యాలయం గడప ఈమె ఎక్కని వారం లేదు.

నూట యాభై మంది ఉన్న గ్రామానికే బోరుబావి అని నియమం. రిజిస్టరులో మా జనాభా అరవై ఒకటి. ఆ పుటకు శుభ్రప్రతి వ్రాసినవాడిని నేనే. ముప్పై ఏళ్లపాటు ఇతర గ్రామాల దూరాలు, జనాభాలు వ్రాసిన నాకు మా ఊరిలో ఎందరమో తెలియదు. మేము మనుషులను లెక్కపెట్టము, లెక్కపెట్టినది తరిగిపోతుంది. జనగణనకు వచ్చినవారు ఇంట్లో ఎందరని అడిగితే ప్రతి ఇంటివారూ "కనబడుతున్నవాళ్లమే" అన్నారు. అప్పుడు పిల్లలు మేకల వెంట, స్త్రీలు ఏటిలో ఉన్నారు. నేనూ అదే జవాబు చెప్పాను.

ఆ సంఖ్య విని శ్యోంబువా నా బల్ల ముందు నిలబడింది.

"ఏమయ్యా ముసెంబీ, అరవై ఒక్కరేనా? అంతకంటే ఎక్కువమందికి నేనే బొడ్డు కోశాను. మిగతావాళ్లని నీ కలం మింగిందా?"

"మళ్లీ లెక్కించాలక్కా. వేరే దారి లేదు."

"మనుషుల్ని లెక్కపెట్టొద్దన్నారు మనవాళ్లు. చిప్పల్ని లెక్కపెట్టొద్దని ఎవరన్నా అన్నారా?"

మాలో ప్రతి మనిషికీ, కాల్చి వేసిన గుర్తుతో, సొంత సొరబుర్ర చిప్ప ఉంటుంది. ఒకరి చిప్పలో మరొకరు త్రాగరు. శ్యోంబువా ఊరందరినీ జావకు పిలిచింది. వచ్చినవారు తమ చిప్పలను ఆమె వాకిట వరుసగా బోర్లించారు. కార్యాలయం నుండి జనాభా లెక్క వ్రాసుకొనే ఎన్యూమరేటరు న్దానూ వచ్చింది, పట్టణపు పిల్ల.

"చంటిదానికి కూడా చిప్పెందుకవ్వా? ఇంకా పాలే తాగుతోందిగా."

"రేపు జావ తాగదా పిల్లా? నువ్వు పుట్టగానే నడిచావా ఏంటి?"

న్దానూ సుద్దముక్కతో ఒక్కొక్క చిప్ప మీద గీత పెడుతూ నడిచింది. ఊరంతా ఏటి వైపు తిరిగి నిలబడ్డాము. నేనూ తిరిగాను గాని, నా చెవులు మాత్రం ఆమె వెంటే నడిచాయని ఒప్పుకొనవలసి ఉన్నది.

"నూట అరవై తొమ్మిది" అన్నది న్దానూ.

జావ పోసేటప్పుడు ఎవరి చిప్ప వారు తీసుకున్నారు. ఒకటి మిగిలింది. దాని మీద గుర్తు లేదు.

"ఇదెవరిది అవ్వా?"

"ఎవరిదీ కాదు. లెక్క నిజమైతే మాకు కీడు. అందుకే ఒకటి ఎక్కువ పెట్టా."

"అయితే నూట అరవై ఎనిమిది."

"ఆ మాట నేనన్నానా? ఏ ఇంటివాళ్లు ఎన్ని దాచారో, ఎన్ని కలిపారో నీకేం తెలుసు?"

న్దానూ నవ్వి పుస్తకం మూసింది. "ఇట్లాగైతే నేనేం రాసేది?" అని నన్ను అడిగింది. ఆ వాకిట నిలబడినవారే అరవై ఒకరికి రెండున్నర రెట్లు మించి ఉన్నారు. అది కన్నులున్న ఎవరికైనా తెలుస్తుంది. నియమాన్ని తిరిగి చదివాను. అందులో కచ్చితమైన సంఖ్యను ఎక్కడా కోరలేదు.

కావున శ్యోంబువా తరఫున సవినయంగా విన్నవించునది: క్యాండులా గ్రామ జనాభాను "నూట యాభైకి తక్కువ కాదు" అని మాత్రమే నమోదు చేయించి, వానలు వెలిసి ఏరు ఎండకముందే, శ్యోంబువా వాకిటి ఎదుట బోరుబావి మంజూరు చేయవలసినదిగా ప్రార్థన.