తిప్పి పంపిన రెండు మందలు

నేను రిటైరయ్యే ముందు ఏడాది, బక్రీదుకు కొన్ని నెలల ముందు, కువైట్‌లోని మా కంపెనీ నన్ను వరసగా రెండు ఆఫ్రికా దేశాలకు పంపింది. ఒకటి నమీబియా, రెండోది సోమాలియా. నా హోదా పశువైద్యాధికారి. ఓడల్లో కువైట్‌కు రావలసిన గొర్రెలను అక్కడే పరీక్షించి, ఏ దేశంతో దీర్ఘకాలపు ఒప్పందం చేసుకుంటే మంచిదో చెప్పాలి. అర్దియా ఆఫీసులో మా ముదీర్, అంటే మేనేజరు, "నీకు తిరగడం అలవాటే కదా డాక్టర్, యల్లా, బయల్దేరు" అన్నాడు. ఆ వయసులో నడుం నొప్పితో విమానాలు మారడం ఎవరికీ అలవాటు కాదు. ఆ మాట అతనితో అనలేక అబూ హలీఫాలోని ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను.

ఈ పనిలో పద్ధతి ఎక్కడైనా ఒకటే. ఒక రైతు నుంచి ఒకేసారి వచ్చిన గొర్రెలన్నిటినీ కలిపి లాటు అంటాం. కళ్లు, నోరు, గిట్టలు, ఉన్ని చూస్తాం, జ్వరం చూస్తాం. అంటురోగం లక్షణం ఒక్కదానిలో కనబడినా లాటంతా వెనక్కి పోవలసిందే. ఓడలో వేలకొద్దీ జీవాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తాయి. జాలిపడి ఒకదాన్ని ఎక్కిస్తే కువైట్ రేవులో ఓడనే ఆపేస్తారు.

నమీబియాలో నాకు మనుషుల కంటే కంచెలు ఎక్కువ కనబడ్డాయి. అద్దె కారు తీసుకుని నేనొక్కడినే కంకర రోడ్డు మీద పోతుంటే గంటల తరబడి ఎదురొచ్చే బండి లేదు. దారిలో పెట్రోలు బంకు, మంచి కాఫీ, శుభ్రమైన బాత్రూము, అన్నిటికీ కార్డు. నేల చూస్తే మా రాయచోటి నేలే, అవే ముళ్లకంపలు. కానీ నేను వెళ్లిన ప్రతి పొలంలో బోరు, నీళ్లతొట్టి ఉన్నాయి, ప్రతి గొర్రె చెవికీ బిళ్ల ఉంది. ఆ సుఖం అందరిదీ కాదని కూడా చూశాను. యజమాని ఇంటికి చల్లటి వరండా, అతని కాపరులకు రేకుల గదులు.

అక్కడ ఒక లాటులో గజ్జి కనబడింది. వెనక్కి పంపమన్నాను. యజమాని మొహం చిట్లించి, లారీ తిప్పమని మనుషులకు చెప్పి, నన్ను భోజనానికి పిలిచాడు. మందు పట్టించి మరో ఓడకు పంపుతానన్నాడు. సాయంత్రానికల్లా గొర్రెలు తమ కంచెలో, తమ తొట్టి దగ్గర ఉన్నాయి. నేను కడుపునిండా తిని నిద్రపోయాను.

సోమాలియా ఉత్తర తీరంలోని బెర్బెరా రేవుకు చేరేసరికి ఒళ్లు హూనమైంది. విమానాలు మారి మారి దిగాక కారు, కారు ముందు సీట్లో తుపాకీ పట్టుకున్న పోలీసు. ఒంటరిగా తిరగడానికి వీల్లేదు. కంచె అన్నది ఎక్కడా లేదు, కనుచూపు మేర ఒకటే బీడు. అలాగని ఆ చోటును తీసిపారేయడానికీ లేదు. రోడ్డు పక్కన టీ అమ్మే ఆవిడ డబ్బు ఫోన్‌లో పంపమంది, నేను కార్డు తీస్తే నవ్వింది. అక్కడి నుంచి ఓడెక్కేది ముఖ్యంగా జీవాలే. నల్ల తల, తెల్ల ఒళ్లు ఉన్న గొర్రెలను కాపరులు బావి నుంచి బావికి రోజుల తరబడి నడిపించుకుంటూ రేవుకు తెస్తారు.

సంతలో మా దళారి పేరు వార్సమె. ఇద్దరికీ అరబ్బీ వచ్చు కాబట్టి మాట కుదిరింది. అక్కడ బేరం నోటితో చేయరు. దళారి భుజం మీది గుడ్డ కింద ఇద్దరూ చేతులు కలిపి, వేళ్లు నొక్కి అంకె చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు ధర తెలియదు, ఎవరి పరువూ పోదు. రాయచోటి పక్క సంతల్లో మా నాన్న ఎద్దులను కొనేటప్పుడు తువ్వాలు కింద చేసింది ఇదే. ఆ ప్రయాణం మొత్తంలో నాకు హుషారొచ్చింది అప్పుడొక్కసారే.

అది ఎంతోసేపు నిలవలేదు. అబ్ది అనే ముసలి కాపరి, అతని కూతురు తోలుకొచ్చిన మందలో కొన్ని గొర్రెలకు నోట్లో పుండ్లు, ముక్కు వెంట చీమిడి. ఒళ్లు కాలిపోతోంది. మిగతావి చూడడానికి బాగానే ఉన్నాయి. లాటంతా వెనక్కి అని వార్సమెతో మెల్లగా చెప్పాను. అతను గుడ్డ కప్పి నా చేయి అందుకున్నాడు. సగం తీసుకోమని వేళ్లతో అడిగాడు. కాదన్నాను. పావు అడిగాడు. చివరికి ఒక్క వేలు పట్టుకుని వదల్లేదు, కనీసం ఒక పది తీసుకోమని. ఆ వేళ్ల లెక్కలో సున్నాకు గుర్తు లేదు. అసలే వద్దని చెప్పాలంటే చేయి బయటికి తీసేయాలి. తీసేశాను. సంతంతా చూసింది. ఇక ఆ మందను అక్కడ ఎవరూ ముట్టరు.

ముసలాయన ఏదో అడిగాడు. వెనక్కి అంటే ఎక్కడికి అని అడుగుతున్నాడని వార్సమె చెప్పాడు. వాళ్లు దాటి వచ్చాక దారిలోని బావులు అడుగంటాయట. రోగమున్న మందను రేవు కొట్టాల్లో ఉండనివ్వరు. నా సంచిలో ఉన్న మందులన్నీ ఇచ్చేశాను. నీళ్ల ట్యాంకరు ఏదైనా మాట్లాడమన్నాను. చూస్తానన్నాడు వార్సమె.

మర్నాడు విమానాశ్రయానికి పోతుంటే రోడ్డు పక్కన ఆ మంద కనబడింది. ఎంతో దూరం పోలేదు. చాలావరకు పడుకుని ఉన్నాయి. కూతురు ఒక గొర్రె తలను ఒళ్లో పెట్టుకుని సీసాతో నీళ్లు పడుతోంది. ముసలాయన మా కారును గుర్తుపట్టి చెయ్యెత్తి సలాం చేశాడు. నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఆపడానికి పోలీసు ఒప్పుకోలేదు.

కువైట్ వచ్చి నివేదిక ఇచ్చాను. సోమాలియా గురించి ఒక సూచన చేశాను. తనిఖీ రేవులో కాకుండా లోపలి బావుల దగ్గర జరగాలని, అందుకు అక్కడ ఒక పశువైద్యుడిని పెట్టాలని. ముదీర్ ఆ పేజీ దాకా రాలేదు. రెండింటిలో ఏది తేలిక అని అడిగాడు. నమీబియా అన్నాను, అది నిజం కాబట్టి. "ఖలాస్, ఇక అదే" అన్నాడు.

నమీబియా గొర్రెలు వచ్చినప్పుడు కువైట్‌లోని మా కంపెనీ కొట్టాల్లో రెడ్డెయ్య ఉన్నాడు. అన్నమయ్య జిల్లావాడు, జీవాలకు మేత వేసేది అతనే. సోమాలియావి రాలేదేమని అడిగితే జరిగింది చెప్పాను.

"రోగమొస్తే మీరు మాత్రం ఏం జేచ్చారు సార్, తిప్పాల్సిందే," అన్నాడు. కాసేపు మేత సర్ది, "కరువులో సంతకు తోలిన జీవాలను మళ్లా ఇంటికి తోలుకురాలేం సార్. మా నాయన ఒకసారి తోలుకొచ్చినాడు. సగం దావలోనే పోయినాయి," అన్నాడు.

నేను నేర్చుకున్నది పెద్ద విషయమేమీ కాదు. రెండు చోట్లా పద్ధతి ఒకటే, నా నిర్ణయం ఒకటే, రెండూ సరైనవే. ఇవాళ ఆ గొర్రెల నోళ్లు చూసినా అదే చెబుతాను. కాకపోతే ఒక దేశంలో వెనక్కి అంటే ఇంటికి, రెండో దేశంలో వెనక్కి అంటే వెళ్లడానికి చోటు లేదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు మందను అది చేరే చోట కాదు, బయలుదేరే చోట చూడాలి. వద్దనవలసి వస్తే బావి దగ్గరే వద్దనాలి. అక్కడైతే మనం చేయి వెనక్కి తీసుకున్నా వాటికి తాగడానికి నీళ్లుంటాయి.