ఒంటికి పట్టని మాత్రలు

1984లో నేను తిరుపతిలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మంగళవారాలు ఏఎన్‌సీ, అంటే గర్భిణులను పరీక్షించే రోజు. బరువు, బీపీ చూడడం, రక్తపరీక్షకు పంపడం, ఐరన్ మాత్రలివ్వడం నా పని.

వనజ కార్వేటినగరం కోడలు. ఇరవై మూడేళ్లు. భర్త స్కూలు టీచరు. పెళ్లయి ఎనిమిది నెలలు, నాలుగో నెల కడుపు. ఎప్పుడొచ్చినా అత్తగారు వెంట ఉండేది. మొదటిరోజు పరీక్ష చేస్తుంటే పొట్ట నడిమధ్యన జానెడు పొడవున కుట్ల మచ్చ కనిపించింది.

"ఇదేం ఆపరేషనమ్మా?" అని అడిగాను.

వనజ నోరు తెరవకముందే అత్తగారు చెప్పింది. "పెండ్లికి ముందర మద్రాసులో అపెండిక్స్ తీసినారంట."

అపెండిక్స్ మచ్చ కుడివైపు కింద, చిన్నగా ఉంటుంది. అది నాకు తెలుసు. బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు. కేసు షీటులో అపెండిక్స్ అనే రాసేశాను.

పదకొండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఐదో నెలలో ఎనిమిది. మాత్రలు రెట్టింపు చేసినా ఆరో నెలకు ఏడుకు దిగింది. బరువు పెరగాల్సింది పోయి తగ్గుతోంది. పొట్ట నెలకు తగ్గట్టు లేదు.

"సందకాడ కండ్లు ఆనడం లేదక్కా," అంది వనజ.

నాకు కోపం వచ్చింది. "మాత్రలు పారేస్తా ఉండావా? బిడ్డ వద్దా నీకు?" అని అత్తగారి ముందే కసిరాను.

"లేదక్కా, దినమూ మింగతా ఉండాను."

నేను నమ్మలేదు. తర్వాతి నెల అత్తగారు, "ఇప్పుడు నేనే మింగించి, నోరు తెరిపించి సూస్తా ఉండాను," అని చెబితే మంచి పని చేశావన్నాను.

ఏడో నెల చివర ఒక ఉదయం ఆమెను మోసుకొచ్చారు. రెండు చేతుల వేళ్లూ కొంకర్లు పోయి బిగుసుకున్నాయి. దాన్ని టెటనీ అంటాం, రక్తంలో కాల్షియం బాగా పడిపోతే వస్తుంది. డాక్టరమ్మ నరానికి కాల్షియం ఎక్కిస్తే వేళ్లు వదులయ్యాయి. నేను పొట్టమీద ఫీటోస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాను. బిడ్డ గుండె చప్పుడు లేదు.

డాక్టరమ్మ ఆ మచ్చ చూసి, అత్తగారిని బయటికి పంపి, మెల్లగా అడిగింది.

"నేను శానా లావుగా ఉండేదాన్ని డాక్టరమ్మా," అంది వనజ. "సంబంధాలోళ్లు వచ్చి, సూసి పోతా ఉండిరి. మా నాయన మద్రాసుకు పిల్చుకొనిపోయి పేగు ఆపరేషన్ చేయించినాడు. రెండేండ్లు కడుపు రాకూడదని ఆ డాక్టరు చెప్పినాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు నాయన. దినానికి ఏడెనిమిది సార్లు బయటికి పోతాను. అది గూడా దాచుకున్నాను."

అది ఇంటెస్టినల్ బైపాస్. చిన్నపేగులో ఎక్కువ భాగాన్ని తిండి పోకుండా పక్కన పెట్టేస్తారు. తిన్నది ఒంటికి పట్టదు, మనిషి చిక్కిపోతుంది. నేనిచ్చిన మాత్రలూ అలాగే పోయాయి, సందకాడ కళ్లు కనబడకపోవడమూ అందుకే. బరువు ఒక నిలకడకు వచ్చాక, లోపాలు సూదులతో సరిచేసుకుని, మొదటినుంచీ కనిపెట్టి చూస్తే ఇలాంటివాళ్లూ బిడ్డను కనొచ్చని డాక్టరమ్మ నాకు వివరించింది. తనకే ఒంట్లో ఏమీ నిలవని రోజుల్లో వనజకు కడుపొచ్చింది.

మర్నాడు ఆడపిల్ల పుట్టింది, ప్రాణం లేకుండా. కిలో కూడా లేదు.

వనజ ఒప్పుకున్నాక డాక్టరమ్మ భర్తకు అంతా చెప్పింది. అతను మంచం దగ్గరికొచ్చి, "ముందే చెప్పింటే ఆగేవాళ్లం గదా," అన్నాడు.

"చెప్పింటే పెండ్లి జరిగేదా?" అంది వనజ.

ఇంటికి వెళ్లేరోజు ఆమె నన్ను పిలిచింది. "అక్కా, నేను ఒక్క మాత్ర గూడా పారేయలేదు."

"తెలుసు తల్లీ. నాదే తప్పు."

"మా అత్త ముందర అంటివి గదా. ఆమెకు గూడా చెప్పు."

వరండాలోకి వెళ్లి అత్తగారికి చెప్పాను. ఆమె విని, సంచీ అందుకుంది. వనజ మళ్లీ మా ఆసుపత్రికి రాలేదు. తర్వాత పిల్లలు కలిగారో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత ఎంత రద్దీ ఉన్నా, పాత ఆపరేషన్ల గురించి అడిగేటప్పుడు వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టేదాన్ని. మందు పనిచేయకపోతే మనిషిని అనుమానించే ముందు, ఆ మందు ఎందుకు పనిచేయలేదో వెతకాలని నాకు తెలిసొచ్చింది. అది తెలుసుకునేలోపు, ఆ పిల్లను రెండు నెలలు అబద్ధాలకోరుగా చూశాను.